అహమ్మదాబాదులో మోగిన విద్యున్నాదం

సూరత్ నగరపు తూర్పు భాగాన ఉన్న గోడాదరా, లింబాయత్ ప్రాంతాలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. మరమగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వారి పండుగలలో, ఊరేగింపులలో నేడు లౌడ్ స్పీకర్లనుంచి వెలువడే పాటలలో అధికభాగం సింథసైజరుపైనో, కంప్యూటరుపైనో కూర్చినవే. ఆ విద్య మన దేశంలో మొదట వేళ్ళూనినది బొంబాయి, మద్రాసు సినిమా స్టూడియోలలో కాదు; అదే గుజరాత్ రాష్ట్రంలో, సూరత్‌కు 200 కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న అహమ్మదాబాదులో. ఈ సంగతి చాలాకాలం సంగీత చరిత్రకారుల దృష్టికి రాలేదు.

1961లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థకు తొలి దశలో రూపురేఖలు దిద్దినవారు గౌతమ్ సారాభాయి, గిరా సారాభాయి. ఆ కుటుంబానికే చెందిన గీతా సారాభాయి పఖవాజ్ వాదనంలో శిక్షణ పొందిన విదుషి. ఆమె 1946లో న్యూయార్కు వెళ్ళి జాన్ కేజ్ వద్ద పాశ్చాత్య సమకాలీన సంగీతం నేర్చుకున్నారు. బదులుగా ఆయనకు భారతీయ సంగీతం నేర్పారు. మనసును శాంతపరచి, దైవప్రభావాలకు అనువుగా చేయడమే సంగీతప్రయోజనమని తన గురువు చెప్పిన మాటను ఆమె కేజ్‌కు తెలియజేశారు. కేజ్ ఆలోచనా విధానంపై ఆ మాట ముద్ర ఎంత గాఢమైనదో ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. విద్యార్థినిగా వెళ్ళిన వ్యక్తి గురువుకే గురువు కావడం ఇక్కడి విశేషం. 1964లో మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్యబృందం ప్రపంచయాత్రలో భాగంగా భారతదేశానికి వచ్చినప్పుడు కేజ్, ఆయన సహచరుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులో సారాభాయిల ఆతిథ్యం స్వీకరించారు.

ఆ పరిచయం 1969లో ఫలించింది. ట్యూడర్ డిజైన్ సంస్థలో విద్యున్నాద స్టూడియోను నెలకొల్పారు. ప్రధాన పరికరం మూగ్ సింథసైజరు. అమెరికాలో రాబర్ట్ మూగ్ దీని తొలి నమూనాను ప్రదర్శించినది 1964లో. అంటే ఐదేళ్ళు తిరగకుండానే ఆ యంత్రం సబర్మతీ తీరానికి చేరుకున్నది. పారిస్‌లో పియర్ షేఫర్ రికార్డు చేసిన సహజధ్వనులతో రచనలు ప్రారంభించినది 1948లో. కొలోన్ రేడియో స్టూడియో 1951 నాటిది. ఈ వరుసలో చూస్తే భారతదేశం మరీ వెనుకబడి లేదని స్పష్టమవుతుంది.

ఆ స్టూడియోలోని పనితీరును కొంత వివరించడం అవసరం. సింథసైజరులో ఆసిలేటర్లు అనే భాగాలు రంపపుపళ్ళ తరంగం, చతురస్ర తరంగం వంటి మూలధ్వనులను పుట్టిస్తాయి. వాటిలోని కొన్ని పౌనఃపున్యాలను ఫిల్టరు వడకట్టుతుంది. నాదం ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా అణగిపోవాలి అన్నది మరో భాగం నిర్ణయిస్తుంది. ఇవన్నీ తీగలతో ఒకదానికొకటి కలపాలి. విద్యుత్ వోల్టేజీయే వీటికి ఆజ్ఞ. వోల్టేజీ ఒకటి పెరిగితే నాదం సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది. మెట్లమీటను విడిచి వోల్టేజీని జారుగా మార్చగలిగితే స్వరం స్వరానికి మధ్య గమకంలా పాకగలదు. హార్మోనియానికి లేని ఈ సౌలభ్యం భారతీయ సంగీతజ్ఞులను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆనాటి మూగ్ ఒకేసారి అనేక స్వరాలు పలికే వాద్యం కాదు. ఒక నాదాన్ని టేపుపై రికార్డు చేసి, దానికి మరొకటి జోడించి, ఆ రెండింటినీ కలిపి మూడవ టేపుకు ఎక్కించవలసి వచ్చేది. అలా ఎక్కించిన ప్రతిసారీ టేపు సొద కొంత పెరుగుతుంది. కనుక ఏ నాదం ముందు, ఏది వెనుక, ఏది ఎంత బిగ్గరగా ఉండాలన్నది మొదటే నిశ్చయించుకోవాలి. తప్పితే తిరిగి మొదటికి రావలసిందే. మేళవింపు అనే మాటకు అప్పుడున్న బరువు, చెరిపి దిద్దుకొనే అవకాశమున్న ఈనాటి కంప్యూటరు తెరపై లేదు. టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తుంటే అరసెకను విరామం ఏడున్నర అంగుళాలు. తాళాన్ని స్కేలుతో కొలిచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు వేసేవారు. తెగిన పోగును ముడివేసే గోడాదరా నేతకార్మికునికి ఈ పని సులభంగానే అర్థమవుతుంది.

ఈ స్టూడియోలో పనిచేసినవారు గీతా సారాభాయి, హిందూస్థానీ గాయకుడు అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా. జోషిపురా రచన 'స్పేస్ లైనర్ 2001' పేరులోనే ఆ తరం వ్యోమయాన స్వప్నం ధ్వనిస్తుంది. మానవుడు చంద్రునిపై కాలుమోపిన సంవత్సరమే ఈ స్టూడియో పుట్టిన సంవత్సరం కావడం గమనార్హం. వీరి రచనలను పాశ్చాత్య ప్రయోగాలకు నకళ్ళని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. నిలకడగా సాగే శ్రుతిపై నెమ్మదిగా విచ్చుకొనే స్వరం తంబురా వినికిడికి అలవాటైన చెవికే ముందు తడుతుంది.

దొరికిన రచనలు 1969 నుంచి 1972 వరకు చేసినవి. ఆ తరువాత స్టూడియో మూగపోయింది. టేపులు మాత్రం సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. లండన్‌లో నివసించే సంగీతకారుడు, కళాకారుడు పాల్ పర్గస్ 2017లో వాటిని గుర్తించారు. 2020లో బి.బి.సి. రేడియో ఈ కథను ప్రసారం చేసింది. ఎంపిక చేసిన రచనలు 2023లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. ఇదొక్కటే కాదు. చరణ్‌జిత్ సింగ్ 1982లో యంత్రవాద్యాలపై పది రాగాలను రికార్డు చేయగా, అది పునర్ముద్రణ పొంది ప్రపంచం చెవినపడినది 2010లో.

మధ్యకాలంలో ఈ విద్య సినిమాద్వారా వేరే దారిన మనకు వచ్చింది. 1980లలో తెలుగు సినిమా సంగీతంలో కీబోర్డుల వాడకం విస్తరించింది. రాజ్-కోటి ద్వయం వద్ద కీబోర్డు వాయించిన యువకుడు ఎ.ఆర్. రెహమాన్ 1992లో 'రోజా'తో స్వరకర్తగా ప్రసిద్ధుడైనాడు. ధ్వనిని మలచడమూ, కలపడమూ స్వరకల్పనలో భాగమేనన్న అభిప్రాయం అప్పటినుంచి సామాన్య శ్రోతకు కూడా చేరింది. అహమ్మదాబాదు బృందానికి ఇది 20 ఏళ్ళ మునుపే తెలుసు. వినే చెవులు వారికి కరవైనాయి.

ఆ టేపులు ఎవరూ పట్టించుకోకపోయినా చెడకుండా మిగలడం అదృష్టం. అయస్కాంత టేపులో పూతను పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకుంటే, వినిపించబోయిన క్షణానే పూత ఊడిపోవచ్చు. అటువంటి వాటిని తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి, తడి ఆర్చిన తరువాతే నడపవలసి ఉంటుంది. టేపు ఖరీదైన వస్తువు కావడంవల్ల పాతది చెరిపి కొత్తది రికార్డు చేసే అలవాటు బి.బి.సి. వంటి పెద్ద సంస్థలలోనే ఉండేది. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలుకొని మద్రాసు రికార్డింగు స్టూడియోల వరకు తెలుగు నాదం దశాబ్దాలపాటు ఎక్కినది ఈ టేపులపైనే. ఏ పెట్టెలో ఏమున్నదో తెలిపే జాబితా ముందుగా సిద్ధం కావాలి. వాటిని నడపగల పాత యంత్రాలు, ఆ యంత్రాలను బాగుచేయగల చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి.