కోడేతర ఫైళ్ల అమరిక

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ప్రోగ్రాము పోగా మిగిలిన బొమ్మలు, ఐకాన్లు, మెనూల్లోని మాటలు, అనువాదాలు, వాడుక పత్రాలు కోడేతర ఫైళ్లు. కోడ్ సంగతి కంపైలర్ చూసుకుంటుంది. వీటి చోటు చెప్పే నాథుడు మాత్రం చాలాకాలం లేడు. 1970లలోనే వాడుకలోకి వచ్చిన రీడ్‌మీ ఫైలు ఒక మినహాయింపు. అది నేటికీ ప్రాజెక్టు గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది.

గట్టి ఏర్పాటు 1984లో ఆపిల్ మెకింతోష్‌తో వచ్చింది. అందులో ఒక్కో ఫైలుకు రెండు పాయలు: ఒకటి డేటాకు, రెండోది రిసోర్సులకు. బ్రూస్ హార్న్ రాసిన రిసోర్స్ మేనేజర్ ఆ రెండో పాయలోంచి ఐకాన్లు, మెనూలు, డైలాగ్ పెట్టెలు తీసి ఇచ్చేది. కోడ్ జోలికి పోకుండా, మళ్లీ కంపైల్ చేయకుండా, రెస్‌ఎడిట్ అనే పనిముట్టుతో ఇంగ్లీషు మెనూను ఫ్రెంచిలోకి మార్చేయగలిగేవారు. చిక్కల్లా ప్రయాణంలోనే. రెండు పాయలు ఎరగని వేరే సిస్టమ్ డిస్కు మీదికి కాపీ చేస్తే రెండోది దారిలోనే రాలిపోయేది.

ఆ తర్వాత ప్రోగ్రాములు రాసేందుకు వాడే ఐడీఈలు మరో దారి తొక్కాయి. విజువల్ స్టూడియో 2005లో వచ్చిన సొల్యూషన్ ఫోల్డర్లలో పత్రాలను, సెట్టింగులను ముచ్చటగా సర్దుకోవచ్చు. అయితే ఆ ఫోల్డర్లు తెర మీదివే, డిస్కులో వెతికితే కనబడవు. ఆపిల్ ఐడీఈ ఎక్స్‌కోడ్‌లోని గ్రూపులు కూడా మొదట్లో ఇంతే. ఒకే ఇంటికి రెండు పటాలు గీసినట్లు! కొత్తగా చేరినవాళ్లు ఏ పటాన్ని నమ్మాలి?

దీనికి సరైన జవాబు జావా లోకం నుంచి వచ్చింది. జేసన్ వాన్ జిల్ మొదలుపెట్టిన మేవెన్ అనే బిల్డ్ పనిముట్టు (1.0 వెర్షన్ 2004లో వెలువడింది) ఫోల్డర్ల పేర్లను తనే నిర్ణయించింది. కోడ్ ఉండే ‘జావా’ ఫోల్డరు పక్కనే ‘రిసోర్సెస్’. అందులో పెట్టినది కంపైల్ కాదు, నేరుగా తుది ప్యాకేజీలోకి చేరుతుంది. తర్వాత గ్రేడిల్ అనే మరో బిల్డ్ పనిముట్టు కూడా ఇదే అమరికను తీసుకుంది.

2005లో పుట్టిన, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌తో బరువు సమస్య పైకి వచ్చింది. బొమ్మ మారినప్పుడల్లా పాత ప్రతులన్నీ చరిత్రలో పోగుపడతాయి, అందరి కంప్యూటర్లలోకీ కాపీ అవుతాయి. 2015లో గిట్‌హబ్ ప్రకటించిన గిట్ ఎల్ఎఫ్ఎస్ పద్ధతిలో ప్రాజెక్టు చరిత్రలో చిన్న చీటీ మాత్రమే ఉంటుంది, అసలు ఫైలు వేరేచోట ఉంటుంది.

తెలుగు కూడా ఈ అమరిక గుండానే తెరకెక్కింది. 1995లో వచ్చిన గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిని వాడే ప్రాజెక్టుల్లో తెలుగు అనువాదానికి ఆ భాష సంకేతమైన ‘టీఈ’ పేరుతో విడి ఫైలు ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ‘వాల్యూస్-టీఈ’ అని ఏకంగా ఫోల్డరే పెడతారు. ఫోన్ భాష తెలుగైతే మాటలు అక్కడి నుంచి వస్తాయి. అందులో దొరకని మాటకు మూల ‘వాల్యూస్’ ఫోల్డర్లోని మాట, సాధారణంగా ఇంగ్లీషే, కనబడుతుంది.