సింగపూర్ కేఫ్‌లో కొరియన్ బ్రంచ్: ఆర్డర్ ఇచ్చే ముందు మన కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

ఆదివారం ఉదయం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి, అటునుంచి ఏదైనా కేఫ్‌లో కూర్చుందామనుకునే తెలుగు కుటుంబాలు సింగపూర్‌లో చాలానే ఉన్నాయి. గుడికి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే జలాన్ బెసార్ పేట ఉంది. అక్కడి టిర్‌విట్ రోడ్డులో ఒక పాత హార్డ్‌వేర్ దుకాణం భవనంలో 2012లో మొదలైన చై సెంగ్ హువాట్ హార్డ్‌వేర్, ఊళ్ళో స్పెషాలిటీ కాఫీకి పేరు తెచ్చిన కేఫ్‌లలో ఒకటి. అంతకు ముందు 2010లో తియోంగ్ బారులో ఫార్టీ హ్యాండ్స్ వచ్చింది. 2012లోనే ఎవర్టన్ పార్క్‌లోని హెచ్‌డీబీ బ్లాకు కింద నైలాన్ కాఫీ రోస్టర్స్ తెరిచారు. ఇలా ఇళ్ళ మధ్యకు వచ్చిన కేఫ్‌లలో ఇప్పుడు కొరియన్ రుచులు కలిపిన బ్రంచ్ కూడా దొరుకుతోంది. కొరియన్ హోటళ్ళు ఎక్కువగా ఉండేది మాత్రం తంజోంగ్ పగార్ వైపు.

పిల్లలు కె-డ్రామాలు చూసి ఈ తిండి అడుగుతారు. చిక్కు వచ్చేది ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తయ్యా మామయ్యలో వచ్చినప్పుడు. మెనూలో కూరగాయల పేర్లే కనిపించినా లోపల చేప ఉండవచ్చు.

మిరపకాయ బంధుత్వం

కొరియా వంటకు ప్రాణం గోచుజాంగ్. ఎర్ర కారం, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయాతో చేసే ముద్ద ఇది. చూడగానే పండుమిరప పచ్చడి గుర్తొస్తుంది గానీ కాస్త తియ్యగా ఉంటుంది. అమెరికా ఖండాల మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు. ఆ శతాబ్దం చివర్లో అది జపాన్ మీదుగా కొరియాకు చేరిందని ఎక్కువమంది చెబుతారు. మనం ఏడాదికోసారి ఆవకాయ పెట్టుకున్నట్టే వాళ్ళు చలికాలం ముందు అందరూ కలిసి కిమ్చి పెడతారు. కిమ్‌జాంగ్ అనే ఆ ఆచారాన్ని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

శాకాహారులు అడగాల్సినవి

కిమ్చి: క్యాబేజీయే కదా అనుకోవద్దు. మామూలుగా ఇందులో ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో, చేప సాసో వేస్తారు. వీగన్ కిమ్చి ఉందా అని అడగండి. అందులోనూ వెల్లుల్లి ఉంటుంది.

తొక్‌బొక్కి: బియ్యప్పిండి ముద్దలను కారం సాసులో ఉడికించేది. నెత్తళ్ళు, సముద్రపు నాచు మరిగించిన నీళ్ళతో చేస్తారు, చేప కేకు ముక్కలు కలుపుతారు.

బుల్గోగి: సాధారణంగా గొడ్డు మాంసం. ఫ్యూజన్ కేఫ్‌లలో టోస్టు మీదా, బర్గర్‌లోనూ ఇదే పేరుతో వస్తుంది. చికెన్‌తో చేసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఏ మాంసమో అడిగి తెలుసుకోవాలి.

బిబింబాప్, జాప్చే: ఒకటి కూరగాయలతో కలుపుకునే అన్నం, ఇంకొకటి చిలగడదుంప పిండి సేమ్యా. రెండింటిలోనూ మాంసం, గుడ్డు లేకుండా చేసిమ్మంటే చాలాచోట్ల కుదురుతుంది. సాసులో ఏముందో కూడా అడగాలి.

హొత్తొక్: లోపల బెల్లంలాంటి చక్కెర, దాల్చినచెక్క పెట్టి కాల్చే తీపి రొట్టె. బొబ్బట్టు తినేవాళ్ళకు కొత్తగా అనిపించదు. గుడ్డు తిననివాళ్ళు పాన్‌కేకులు, బ్రియోష్ బన్నుల విషయంలో ముందే అడగాలి.

“నో పోర్క్, నో లార్డ్” బోర్డు పంది మాంసం, కొవ్వు లేవని మాత్రమే చెబుతుంది. అది శాకాహారమనీ కాదు, హలాల్ ధ్రువపత్రమూ కాదు. “ఫిష్ సాస్, ష్రింప్, బీఫ్, ఎగ్ ఉన్నాయా?” అని నాలుగూ విడివిడిగా అడిగితే సరైన జవాబు వస్తుంది. ఊరికే “వెజిటేరియనా?” అంటే చేప సాసు సంగతి ఎవరికీ గుర్తు రాకపోవచ్చు.

కాఫీ పుల్లగా ఉందేమిటి?

నిపుణులు రుచి చూసి 100కు 80 మార్కులో ఆపైనో ఇచ్చిన గింజలను స్పెషాలిటీ కాఫీ అంటారు. వీటిని లేతగా వేయిస్తారు కాబట్టి పళ్ళ పులుపు తెలుస్తుంది. చికోరి కలిపిన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ పెద్దవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. వాళ్ళకు పాలు కలిసిన ఫ్లాట్ వైట్ చెప్పండి. ముదురుగా వేయించిన గింజలుంటే ఇంకా మంచిది. చక్కెర విడిగా అడగండి.

అప్పటికీ తృప్తి లేకపోతే పక్కనున్న కోపిటియం ఉండనే ఉంది. అక్కడ కోపి అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో, కోపి-సి అంటే ఎవాపొరేటెడ్ మిల్క్, చక్కెరతో, కోపి-ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో. కోసోంగ్ అంటే చక్కెర వద్దని.

కాఫీ తాగని పిల్లలకు చిలగడదుంప లాటే, పెద్దలకు మిసుగారు బాగుంటాయి. మిసుగారు వేయించిన ధాన్యాల పిండితో చేసే పానీయం, మన సత్తుపిండి లాంటిది.

గింజల సంచుల మీద ఊరి పేర్లు కూడా ఒకసారి చదవండి. మన అల్లూరి జిల్లా గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అరకు పేరుతో ప్యారిస్‌లో 2017లోనే కేఫ్ తెరిచారు. మీరు వెళ్ళే కేఫ్‌లో ఆ గింజలు తెప్పిస్తారా అని అడిగి చూడండి. అడిగేవాళ్ళుంటేనే దుకాణదారు తెప్పిస్తాడు.

బిల్లు సంగతి

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్‌టీ కలుస్తాయి. జీఎస్‌టీ 2024 జనవరి 1 నుంచి 9 శాతమైంది. అంటే 20 డాలర్ల ప్లేటు 23.98 అవుతుంది. నలుగురు తలా ఒక ప్లేటు తింటే 80 కాదు, 95.92. విడిగా టిప్పు ఇవ్వాల్సిన అలవాటు ఇక్కడ లేదు.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ముందు రోజు కేఫ్‌కు ఫోన్ చేసి పై నాలుగు ప్రశ్నలు అడిగేయండి. తీరా టేబుల్ దగ్గర కూర్చున్నాక వాళ్ళు కాఫీతోనే సరిపెట్టుకోవాల్సిన అవసరం రాదు.