బ్రిటన్ పాత జనాభా లెక్కలు – వంశ చరిత్ర పరిశోధన

బ్రిటన్‌లో పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కల్లో 1841 నుంచి 1921 వరకు తీసినవాటి ఇంటింటి వివరాలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. పూర్వీకుల ఆచూకీ తీసేవారికి జనన, వివాహ, మరణ నమోదుల తర్వాత ఎక్కువగా అక్కరకొచ్చేవి ఇవే. ఆ నమోదుల్లో కనిపించేది ఒక్కో మనిషి. జనాభా లెక్కలో మాత్రం ఒక రాత్రి ఒకే కప్పు కింద ఉన్న ముసలి తల్లి, మనవడు, అద్దెకున్నవాడు, పనిపిల్ల అందరూ ఒకే పేజీలో దొరుకుతారు.

లెక్కలు 1801లోనే మొదలైనా మొదటి నాలుగుసార్లు సర్కారుకు కావలసింది తలల సంఖ్యే. కొందరు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) అధికారులు తమ వాడకానికి రాసుకున్న పేర్ల జాబితాలు అక్కడక్కడ మిగిలాయి, అంతే. దేశమంతటా పేరుపేరునా రాసింది 1841 జూన్ 6 నాటి లెక్కలో. అందులో ఎవరికి ఎవరు ఏమవుతారో లేదు. పుట్టింది అదే కౌంటీలోనా, కాకుంటే స్కాట్లండ్, ఐర్లండ్, విదేశాల్లోనా అన్నంతవరకే అడిగారు. పదిహేనేళ్లు దాటినవారి వయసును దిగువనున్న అయిదు గుణిజానికి కుదించి రాయమన్నారు. అలా ఇరవై తొమ్మిదేళ్ల మనిషి ఇరవై అయిదేళ్లవాడిగా నమోదై, 1851లో ముప్పై తొమ్మిదేళ్లతో కనిపిస్తాడు. పదేళ్లలో పద్నాలుగేళ్లు పెరిగాడేమిటని వేరే మనిషిగా కొట్టిపారేస్తే అసలు మనిషే చేజారతాడు.

1851 మార్చి 30 నాటి లెక్కతో ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. ఇంటి యజమానితో బంధుత్వం, పెళ్లయిందీ లేనిదీ, వయసు, వృత్తి, పుట్టిన పారిష్ వరుస గడుల్లోకి వచ్చాయి. వీటిలో అన్నిటికన్నా విలువైనది పుట్టిన ఊరి గడి. తర్వాత ఏ చర్చి రిజిస్టర్ తిరగేయాలో చెప్పేది అదే.

అయితే మనం చూసే కాగితం కుటుంబం స్వయంగా నింపింది కాదు. 1901 వరకు ఇంటివాళ్లు నింపిన ఫారాలను గణకుడు పుస్తకంలోకి ఎక్కించాడు. ఆ తర్వాత ఫారాలు ధ్వంసం చేశారు, పుస్తకాలే మిగిలాయి. చదవడం రానివారు నోటితో చెబితే, గణకుడు తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. ఆఫీసులో గుమాస్తాలు లెక్క సరిచూస్తూ పెట్టిన టిక్కులు వయసు అంకెల మీదే పడ్డాయి. నూరేళ్ల తర్వాత ఆ రాతను చూసి సూచిక తయారుచేసినవారు ఇంకొన్ని తప్పులు చేర్చారు. కాబట్టి సూచికలో పేరు లేనంత మాత్రాన మనిషి లేడనుకోకూడదు. ఇంటిపేరు వదిలేసి అసలు పేరు, వయసు, పుట్టిన ఊరితో వెతకాలి; దొరికాక అసలు పేజీ చిత్రం చూసి తీరాలి. ఆ పేజీకి ముందూ వెనకా ఉన్న ఇళ్లు చూడటం ఇంకా మంచిది. పెళ్లికూతురి పుట్టిల్లు రెండిళ్ల అవతలే ఉండటం అరుదేమీ కాదు.

కావాలని చెప్పిన అబద్ధాలూ ఉంటాయి. పెళ్లికాని కూతురికి పుట్టిన బిడ్డను అమ్మమ్మ, తాతయ్య తమ సంతానంగా రాయించేవారు. తల్లి వయసుకూ చివరి బిడ్డ వయసుకూ పొంతన కుదరకపోతే అనుమానించాల్సిందే.

1911 లెక్క ప్రత్యేకం. ఇంటివాళ్లు తమ చేతిరాతతో నింపిన ఫారమే మిగిలింది. పెళ్లై ఎన్నేళ్లయింది, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికి ఉన్నారు, ఎందరు పోయారు అని భార్యలను అడిగారు. వితంతువులను అడగకపోయినా కొందరు తెలియక నింపారు. గుమాస్తాలు అడ్డంగా గీత కొట్టినా, కింద అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. వేరే ఏ జనాభా లెక్కలోనూ పేరు లేకుండా పోయిన పసిబిడ్డల జాడ ఒక్కోసారి ఆ గీత కిందే దొరుకుతుంది. ఓటు హక్కు కోరిన మహిళల్లో కొందరు ఆ ఏడు లెక్కను బహిష్కరించారు. వారిలో ఒకరైన ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ ఆ రాత్రి పార్లమెంటు భవనంలోని ప్రార్థనా మందిరపు అరలో దాక్కుంది. చివరికి అక్కడా, తన బసలోనూ రెండుచోట్లా నమోదైంది.

1921 లెక్క కార్మిక ఆందోళనల వల్ల ఏప్రిల్ నుంచి జూన్ 19కి వాయిదా పడింది. సెలవులకు సముద్ర తీరాలకు వెళ్లినవారు అక్కడే లెక్కకొచ్చారు. నూరేళ్ల గోప్యత నియమం తీరాక, 2022 జనవరిలో ఇంగ్లండ్, వేల్స్ వివరాలు బయటికి వచ్చాయి. స్కాట్లండ్ రికార్డులు విడిగా ఉంటాయి. ఆ తర్వాత పెద్ద ఖాళీ: ఇంగ్లండ్, వేల్స్ 1931 పత్రాలు 1942 డిసెంబరులో లండన్ దగ్గరి హేస్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, యుద్ధం వల్ల 1941లో లెక్కే జరగలేదు. 1939 సెప్టెంబరు 29న యుద్ధ అవసరాలకు తయారైన రిజిస్టరే మధ్యలో ఆసరా.

మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి ఇంగ్లండు చేరిన కుటుంబాలూ ఈ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ మచిలీపట్నం, విశాఖపట్నం అనే బదులు చాలాచోట్ల ‘ఈస్ట్ ఇండీస్’ అని ఊరుకున్నారు. అప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి నమోదులే దిక్కు. కలకత్తాలో పుట్టిన తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ కోసం వెతికేవారు 1861, 1871, 1881 లెక్కలు చూడాలి. ఆయన 1884లో లండన్‌లో కన్నుమూశారు.

తెలుగు కుటుంబాలకు మాత్రం ఇలాంటి వసతి లేదు. భారతదేశంలో 1881 నుంచి ఒకేసారి దేశమంతటా లెక్కలు జరిగినా, మిగిలింది పట్టికలూ నివేదికలే. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత వివరాలు చూపించరు. వలస వెళ్లినవారి సంగతి కొంత నయం. 1860లో ట్రూరో ఓడతో మొదలుపెట్టి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరిన కూలీల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రాశారు. దక్షిణాఫ్రికా తెలుగువారు తాతముత్తాతల ఊరు వెతకడం ఆ జాబితాలోని నంబరుతోనే మొదలుపెడతారు.