పది ఫోటోలు – ఒకే పటం

ఫోటో అబద్ధం చెప్పదని మన తరంవారికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదనే ఆఫీసుల్లో గుర్తింపు కార్డులు, రేషను కార్డులు, పింఛను పుస్తకాలు నడిచాయి. ఈనాడు మనవడు సెల్‌ఫోను తీసుకుని, హైదరాబాదులో ఉన్న కొడుకును, అమెరికాలో ఉన్న కూతురును, ఏనాడో స్వర్గస్థుడైన తాతను ఒకే వరుసలో నిలబెట్టి అచ్చు తీయిస్తున్నాడు. చూసినవారు "అంతా కంప్యూటరు మాయ" అంటున్నారు. నిజానికి ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. ఫోటోగ్రఫీ ఎంత పాతదో ఈ అతుకుల పని కూడా దాదాపు అంత పాతది. ప్రత్యేక సంచికల్లో సభ్యుల ఫోటోలన్నీ కలిపి ఒకే పేజీగా వేయడం మన సంఘాలకు అలవాటే గనుక, ఈ విద్య చరిత్రను నాలుగు మాటల్లో మిత్రుల ముందు ఉంచుతున్నాను.

గాజు పలకల కాలం

ఫోటో తీసే విధానాన్ని పారిస్‌లో లోకానికి వెల్లడించినది 1839లో. తరువాత పదిహేనేళ్ళకే, అంటే 1854లో, డిస్డెరి అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు ఒకే గాజు పలక మీద అనేక బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. సాధారణంగా ఒక పలక మీద ఎనిమిది బొమ్మలు వచ్చేవి. ఒక్కసారి కాగితం మీద అచ్చు తీసి, కత్తిరించి, అట్టల మీద అంటించి ఇచ్చేవారు. ఖర్చు తగ్గింది, మధ్యతరగతి వారికి ఫోటో అందుబాటులోకి వచ్చింది. నేడు స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిదింటిని ఒకే షీటు మీద తీసి ఇవ్వడం ఆ పద్ధతికి మనవడి వంటిదే.

రెండవ రకం అతుకు అవసరం కొద్దీ పుట్టింది. ఆనాటి రసాయనాలకు ఆకాశపు వెలుగు ఎక్కువగాను, నేల వెలుగు తక్కువగాను తగిలేది. సముద్రం బాగా వస్తే ఆకాశం తెల్లగా పోయేది, మబ్బులు బాగా వస్తే సముద్రం నల్లబడేది. గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856, 1857 ప్రాంతాల్లో మబ్బులకు ఒక నెగటివు, నీటికి ఒక నెగటివు విడిగా తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చు వేసి ప్రఖ్యాతి పొందాడు. ఈనాటి సెల్‌ఫోను కూడా ఎండలో మీట నొక్కితే వెలుగు తేడాతో అనేక బొమ్మలు తీసి, మనకు చెప్పకుండానే కలిపి ఒకటిగా చూపిస్తుంది.

మూడవది కళ కోసం చేసిన అతుకు. 1857లో ఇంగ్లండులో రెయిలాండర్ అనే ఆయన ముప్పైకి పైగా నెగటివులను కలిపి, మంచి దారి, చెడు దారి అనే భావంతో ఒక పెద్ద చిత్రం తయారుచేశాడు. దానికి ఆరు వారాలు పట్టిందట. విక్టోరియా రాణి ఒక ప్రతిని కొన్నది. మరుసటి ఏడు రాబిన్సన్ అనే ఆయన ఐదు నెగటివులు కలిపి, మంచం మీద మరణానికి చేరువైన ఒక బాలిక, చుట్టూ ఆమె కుటుంబం ఉన్న చిత్రం చేశాడు. నిజంగా చనిపోతున్న పిల్లను ఫోటో తీశాడని జనం బాధపడ్డారు. అతుకు తెలియకపోతే చూసేవారి మనసు ఎంత దూరం పోతుందో అప్పుడే తేలిపోయింది.

మన ప్రాంతంలో

నిజాం రాజ్యంలో ఫోటో అంటే మొదట గుర్తుకు వచ్చే పేరు రాజా దీనదయాళ్. ఆయన (1844–1905) మనవంటి ప్రభుత్వోద్యోగే. ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకుని, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యారు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా స్టూడియో తెరిచారు. ఆయన గాజు నెగటివులు వేల సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. అసలు నెగటివులు ఉన్నాయి కనుకనే ఆనాటి హైదరాబాదును ఈనాడు చూడగలుగుతున్నాము.

మా కల్లూరు వంటి చోట్లకు ఈ వైభవం అందలేదు. ఇటు సాగరు కాలువ కింది పొలాలు, అటు కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవి పల్లెలు. మా చిన్నతనాన పెండ్లికి ఒక ఫోటో, ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఫోటో ఉంటే గొప్ప. అడవి పల్లెల్లో చాలామంది పెద్దలకు జీవితంలో మొదటి ఫోటో, చివరి ఫోటో కూడా ఓటరు కార్డు మీదిదో, రేషను కార్డు మీదిదో అయ్యేది. మనిషి పోయాక పెద్ద కర్మ నాటికి పటం కావాలని కొడుకులు ఆ కార్డు పట్టుకుని టౌనుకు వచ్చేవారు. స్టూడియో ఆయన ఆ చిన్న ముఖాన్ని మళ్ళీ ఫోటో తీసి, పెద్దది చేసి, చెరిగిన చోట పెన్సిలుతోను, కుంచెతోను దిద్ది, వేరొకరి కోటు మీద అతికించి ఇచ్చేవాడు. కత్తెర, జిగురు, చీకటి గది – ఇవే ఆనాటి పనిముట్లు. భార్యాభర్తలు ఎన్నడూ కలిసి ఫోటో దిగకపోతే ఇద్దరి ముఖాలు రెండు చోట్ల నుంచి తెచ్చి ఒకే పటంలో కూర్చోబెట్టేవాడు. ఆ పటానికి వేసిన దండ మాత్రం నిజమైనదే.

ఇదే విద్యతో సినిమావాళ్ళు మనను అలరించారు. 1964లో వచ్చిన "రాముడు భీముడు"లో ఇద్దరు రామారావులను చూసి మురిసిపోయాము. అటువంటి ద్విపాత్రాభినయానికి ఆనాటి పద్ధతి సులువుగా చెప్పవచ్చు. కెమెరా ముందు సగభాగం మూసి ఒక పాత్రను తీస్తారు, ఫిల్మును వెనక్కు చుట్టి, ఈసారి రెండవ సగం మూసి మరో పాత్రను తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా గీత బయటపడేది.

అచ్చాఫీసుల సంగతి వేరు. ఫోటో అచ్చు వేయాలంటే జింకు బ్లాకు చేయించాలి. బ్లాకు కొలతను బట్టి ఖర్చు. ఇరవై మంది ఫోటోలకు ఇరవై బ్లాకులు చేయించే స్తోమత చిన్న సంఘాలకు ఎక్కడిది? అందుచేత ఫోటోలను సమానంగా కత్తిరించి, ఒక అట్ట మీద వరుసగా అంటించి, అంతటికీ కలిపి ఒకే బ్లాకు చేయించేవారు.

కంప్యూటరు వచ్చిన తరువాత

1990 ఫిబ్రవరిలో అమెరికాలో ఫోటోషాప్ అనే ప్రోగ్రాము అమ్మకానికి వచ్చింది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు దాన్ని తయారుచేశారు. 1994లో అందులో "లేయర్లు" ప్రవేశపెట్టారు. పారదర్శకమైన కాగితాలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఒక్కొక్క ఫోటో ఒక్కొక్క పొరగా ఉంటుంది. ఒకదాన్ని జరిపినా రెండవది చెడదు. కత్తెర, జిగురు పని ఆనాటితో తీరిపోయింది.

అయితే అచ్చుకు కొలత తప్పదు. మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 4 అంగుళాలు, 6 అంగుళాల ఫోటోకు అడ్డం 1200, నిలువు 1800 చుక్కలు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోతుంది. దానిలోంచి ఒక ముఖం కత్తిరించి పెద్దది చేస్తే మసకబారుతుంది. డాక్యుమెంటు రూపంలో పంపితే అసలు ఫోటో చెడకుండా చేరుతుంది. ఒకరి ముఖం మీద వెలుగు కుడినుంచి, మరొకరి మీద ఎడమనుంచి పడితే ఎంత నేర్పరి చేసినా అతుకు తెలిసిపోతుంది.

పింఛను కాగితాల్లో

ఇంటి గోడకు ఒక న్యాయం, ఆఫీసు ఫైలుకు ఒక న్యాయం. పింఛను కాగితాలకు జాయింటు ఫోటో ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. రేపు మనం లేనినాడు, ఆ ఫోటోలో పక్కన ఉన్న మనిషే ఫ్యామిలీ పెన్షనుకు వచ్చిన మనిషి అని గుర్తించడానికి అది ఆధారాల్లో ఒకటి. ఒక మిత్రుడు, భార్య మంచం పట్టి ఉండగా, రెండు పాత ఫోటోలను స్టూడియోలో కలిపించి జతచేశారు. పరిశీలనలో అతుకు బయటపడి కాగితాలు తిరిగివచ్చాయి, నెలలు గడిచాయి. 1972 నాటి కేంద్ర పింఛను నిబంధనల ఫారం 5లోనైతే, భార్యతో గాని భర్తతో గాని కలిసి ఫోటో ఇవ్వలేనివారు విడివిడిగా ఫోటోలు ఇవ్వవచ్చని రాసే ఉండేది. ఉన్న ఇబ్బందిని రాతపూర్వకంగా తెలిపి దారి అడగడం, కలిపిన ఫోటో పెట్టడం కన్నా మేలు.

వంద ఏళ్ళు నిలిచిన అతుకు

అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో జనరల్ గ్రాంట్ గుర్రమెక్కి సైనిక శిబిరం ముందు నిలిచిన ఫోటో ఒకటి ఉంది. అంతర్యుద్ధ కాలపు సిటీ పాయింట్ దృశ్యంగా అది చెలామణీ అయింది. తీరా పరిశీలిస్తే తల గ్రాంటుది, గుర్రం, దేహం మరొక జనరల్‌వి, వెనుక కనిపించేది పట్టుబడిన శత్రు సైనికుల శిబిరం. 1902 ప్రాంతంలో మూడు నెగటివులు కలిపి ఒకాయన చేసిన పని అది. కలిపినవాడు ఒక్క వాక్యం రాసి ఉంటే ఎవరికీ భ్రమ కలిగేది కాదు.

గుమాస్తాగా నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. నకలు తప్పు కాదు, నకలు అని రాయకపోవడమే తప్పు. తాతగారిని మనవడి పెండ్లి ఫోటోలో నిలబెట్టుకోవడం ప్రేమ. అందులో దోషం లేదు. కాని ముప్పై ఏళ్ళ తరువాత ఆ ఇంటి పిల్లలు "తాతగారు పెండ్లినాటికి ఉన్నారు" అని వాదిస్తే, చెప్పడానికి మనం ఉండము.

కనుక సోదర పింఛనుదారులకు నా మనవి:

1. ఫోటోలు కలిపి పటం కట్టించుకోండి. అసలు ఫోటోలను మాత్రం పారవేయకండి.

2. పటం వెనుక ఎవరెవరు ఉన్నారు, ఎన్ని ఫోటోల నుంచి కలిపారు, ఏ సంవత్సరంలో కలిపారు అనేది రాయించండి.

3. భార్యాభర్తలు కలిసి ఇంతవరకు ఫోటో దిగకపోతే, ఈ వారంలోనే వెళ్ళి దిగండి. ఆ ఒక్క ఫోటోకు ఏ అతుకూ అవసరం ఉండదు.