డి హేవెన్, హ్యూ (1895–1980)

విమానములును మోటారు వాహనములును ప్రమాదమునకు లోనైనపుడు మానవశరీరమునకు కలుగు గాయములను బలశాస్త్ర సూత్రములచే వివరింప యత్నించిన పరిశోధకులలో ఆద్యుడుగా పరిగణింపబడువాడు, అమెరికా దేశీయుడు. వైద్యపట్టము లేకయే వైద్యకళాశాలలో పరిశోధనశాఖను నడపుట ఈతని విశేషము.

ప్రథమ ప్రపంచ సంగ్రామకాలమున కెనడాలో రాయల్ ఫ్లయింగ్ కోర్ యందు చేరి, టెక్సాసులో శిక్షణ పొందుచుండగా, మరియొక విమానము ఢీకొనుటచే నేలకూలి, కాళ్లు విరిగి, కాలేయమును క్లోమమును చితికియు బ్రతికి బయటపడెను. ఇది 1916లో జరిగెనని కొందరు వ్రాసిరి; ఆ దళము శిక్షణార్థము టెక్సాసునకు వచ్చినది 1917 చివరనే కావున ఆ మాట నిలువదు. ఉదరమును చీల్చినది తన బెల్టు యొక్క మొనదేలిన బకిలే యని ఈతడు నిశ్చయించుకొనెను. విమానము ఏల కూలెనని విచారించుటకు నాడు అధికారులు కలరు. లోపలి మనుష్యుడు దేనికి కొట్టుకొనెనని అడుగువారు అరుదు.

యంత్రపరికరములను కనిపెట్టి ధనము గడించిన పిదప, ఒక కారు ప్రమాదమున డాష్‌బోర్డు బొడిపె చోదకుని తలను గాయపరచుట చూచి పూర్వవిచారమునకు మరలెననియు, తన వంటింట నురుగు రబ్బరుపై కోడిగుడ్లు జారవిడిచి పరీక్షించెననియు చెప్పుదురు.

కీర్తికి మూలము 1942లో ‘వార్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన వ్యాసము. 50 మొదలు 150 అడుగుల యెత్తునుండి పడియు జీవించిన ఎనమండుగురి వృత్తాంతములను ఇందు పరిశీలించెను. 100 అడుగులు పడిన దేహము మెత్తని నేలలో అర్ధ అడుగు దిగి ఆగినచో, దానిపై పనిచేయు సగటు బలము దేహభారమునకు ఇంచుమించు 200 రెట్లు. అదియే బండరాతిపై పడినచో ఆగుదూరము క్షీణించి, బలము ఆ మేరకు పెరుగును. బలము దేహదైర్ఘ్యమునకు అడ్డముగా, విశాలముగా వ్యాపించినచో క్షణకాలము 200 రెట్లనైనను శరీరము సహింపగలదని సిద్ధాంతీకరించెను. ఎనిమిది ఉదాహరణలపై ఇంతటి నిర్ణయము సాహసమే యైనను, దాని ఫలితము చిరస్థాయి.

ఆ యేడే శరీరశాస్త్రజ్ఞుడు యూజీన్ డుబోయ్ ప్రోత్సాహమున కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ప్రమాదగాయ పరిశోధన ఆరంభమయ్యెను. తొలుత చిన్న విమానములను, యుద్ధానంతరము కార్లను పరిశీలించిరి. తలుపులు ఊడి బయటికి విసరబడిన ప్రయాణికులకు మరణభయము అధికమని ఈ సమాచారము తెలుపుటచే, 1956 నమూనాలనుండి తలుపుల గడియలు దృఢతరములయ్యెను. 1952 నాటి ప్రసంగవ్యాసమున, పెట్టెలో సరకు సర్దువాడు పాటించు నియమములనే కారు నిర్మాతయు పాటింపవలెనని ఈతడు వాదించెను.

మూడుచోట్ల బిగించు బెల్టును 1959లో వోల్వో సంస్థకు చెందిన నీల్స్ బోలిన్ కనిపెట్టెనను వాడుక కలదు. దానిని సుకరమొనర్చి లోకవ్యాప్తము చేసిన కీర్తి బోలిన్‌దే. కాని అట్టి బెల్టుకు రోజర్ గ్రిస్వాల్డ్‌తో కూడి డి హేవెన్ 1955లోనే పేటెంటు పొందియుండెను.