నార్హాము దుర్గము - టర్నరు చిత్రములు

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల పొలిమేరయందు ట్వీడునదికి దక్షిణతీరమున మిట్టపై నార్హాము దుర్గము గలదు. దీనిని క్రీ. శ. 1121లో డర్హాము బిషప్పగు రానల్ఫు ఫ్లాంబార్డు కట్టింప నారంభించెను. 1136, 1138 సంవత్సరములలో స్కాట్లండు రాజగు మొదటి డేవిడు దీనిఁ బట్టుకొనెను. 1291లో స్కాట్లండు సింహాసనమునకై పుట్టిన వివాదమును విచారించుటకు నింగ్లండు రాజగు మొదటి యెడ్వర్డు ఆ దేశపుఁ బ్రభువులను నార్హామునకు రావించెను. 1513 ఆగస్టులో నాల్గవ జేమ్సు ఫిరంగులతోఁ గోటగోడలఁ బడఁగొట్టి వశపఱచుకొనెను. కాని పక్షము దినములు దాటకమునుపే ఫ్లాడెను యుద్ధమున మడిసెను. 1603లో నుభయరాజ్యములకు నొక్కఁడే రాజగుటతోఁ బొలిమేరకోట యక్కఱ తీఱిపోయెను.

ఇంతటి చరిత్ర గల యీ దుర్గమును దూరదేశములవా రెఱుఁగుట యధికముగాఁ జిత్రకారుఁడగు టర్నరు (1775-1851) వలననే. ఇరువదిరెండేండ్ల ప్రాయమున, 1797లో, నతఁ డిచటికి వచ్చి సీసపుఁ గడ్డితో రేఖాచిత్రము వ్రాసికొనెను. మఱుసటియేఁడు రాయల్ అకాడమీ ప్రదర్శనమున నార్హాము ప్రాతఃకాలచిత్రము నుంచి, టామ్సను కవి ఋతుకావ్యమునందలి సూర్యోదయవర్ణనమును దానికి జతపఱచెను. 1808లో వాల్టరు స్కాటు తన ‘మార్మియను’ కావ్యమును నీ దుర్గముమీఁది సాయంసంధ్యతో నారంభించెను. ఒక్క గోపురమే చిత్రకారునకు నుదయమునకును, గవికి నస్తమయమునకును దావయ్యెను. 1831లో మరల నీ దారిని బోవుచు టర్నరు టోపీ తీసి కోటకు నమస్కరించెననియుఁ, దన యభ్యుదయమునకు దాని చిత్రమే మూలమని పలికెననియుఁ జెప్పుదురు.

సుమారు 1845లో వ్రాసిన ‘నార్హాము దుర్గము - సూర్యోదయము’ అను తైలచిత్రము అసంపూర్ణము. దాని నతఁడు నదీతీరమునఁ గూర్చుండి వ్రాయలేదు. 1816లోఁ బ్రకటించిన తన ముద్రితచిత్రపుఁ గూర్పునే మరలఁ గైకొనెను. అందుఁ గోట నీలిఛాయ మాత్రము. నీటియొద్ద నొక యావు. ఇది 1856లో జాతిసొత్తై, 1906లోఁగాని ప్రదర్శింపఁబడలేదు.

కోటను దర్శించువారికి నెఱ్ఱని యిసుకరాతిగోడలు కానవచ్చును. అంతమాత్రమునఁ జిత్రము కల్ల యనరాదు. ఉదయభానుఁడు దుర్గము వెనుకఁ గానరావలెనన్నఁ జూచువాఁడు పడమట నిలువవలెను. ఎదురువెలుఁగున నే ఱాయియైనను దన వన్నెను గోల్పోవును. గోడల కొలఁదులకు శిథిలములును, రాజుల చర్యలకు శాసనపత్రములును బ్రమాణములు. చిత్రము వేఱొకదానికిఁ బ్రమాణము: ఒక మనుష్యుఁ డెచట నిలిచి, యే వేళ, దేనిఁ జూచెనో యది తెలుపును. ఈ రెంటిని వేఱుపఱిచి గ్రహించువారికే నార్హాము దర్శనము సఫలమగును.