బృహత్సంఖ్యా నియమం - స్వేచ్ఛాసంకల్ప వివాదం

బృహత్సంఖ్యా నియమం - స్వేచ్ఛాసంకల్ప వివాదం 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రష్యా గణిత శాస్త్రజ్ఞులు పావెల్ నెక్రాసోవ్ (1853 - 1924), ఆండ్రీ మార్కోవ్ (1856 - 1922)ల మధ్య జరిగిన వాదం. మానవునికి స్వేచ్ఛాసంకల్పం ఉన్నదా అనే తాత్విక ప్రశ్నకు సాంఖ్యక శాస్త్రం సమాధానం చెప్పగలదా అన్నది ఇందులోని ప్రధానాంశం. మార్కోవ్ గొలుసు అనే భావన ఈ వాదం నేపథ్యంలోనే రూపుదిద్దుకున్నది.

నేపథ్యం

నాణేన్ని పది సార్లు ఎగురవేస్తే బొమ్మ ఎన్ని సార్లు పడుతుందో చెప్పలేము. పది వేల సార్లు ఎగురవేస్తే మాత్రం ఇంచుమించు సగం సార్లు బొమ్మ పడుతుంది. ఇదే బృహత్సంఖ్యా నియమం. దీనికి జాకబ్ బెర్నౌలీ ఇచ్చిన నిరూపణ ఆయన మరణానంతరం 1713లో ప్రచురితమైనది.

ఒక దేశంలో జరిగే నేరాల సంఖ్య ఏటేటా దాదాపు స్థిరంగా ఉంటుందని బెల్జియం శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ క్వెట్లే 1835లో వెలువరించిన గ్రంథంలో చూపాడు. రాబోయే ఏడాది నేరాల సంఖ్యను ముందే అంచనా వేయగలిగినప్పుడు నేరస్థునికి స్వేచ్ఛ ఎక్కడిది? అతనిని శిక్షించుట న్యాయమేనా? ఇటువంటి ప్రశ్నలు తలెత్తాయి. ఆంగ్ల చరిత్రకారుడు హెన్రీ థామస్ బకల్ 1857లో ఈ స్థిరత్వాన్ని స్వేచ్ఛాసంకల్పానికి వ్యతిరేకంగా ఉదహరించాడు.

నెక్రాసోవ్ వాదం

మాస్కోకు చెందిన నెక్రాసోవ్ 1902లో ఇదే స్థిరత్వాన్ని స్వేచ్ఛాసంకల్పానికి అనుకూలంగా వాడాడు. ఆయన వాదంలోని మెట్లు ఇవి:

* ఘటనలు పరస్పరం స్వతంత్రంగా ఉంటేనే బృహత్సంఖ్యా నియమం వర్తిస్తుంది.
* సామాజిక గణాంకాలకు ఈ నియమం వర్తిస్తున్నది.
* కాబట్టి మానవుల చర్యలు స్వతంత్రమైనవి. అనగా వారికి స్వేచ్ఛాసంకల్పం ఉన్నది.

తర్కదోషం

స్వాతంత్ర్యం ఈ నియమానికి పర్యాప్తమని చెబిషేవ్ 1867లో, తగిన షరతులకు లోబడి, నిరూపించాడు. అది ఆవశ్యకమని ఆయన నిరూపించలేదు. ఒక ప్రవచనం సత్యమైనంత మాత్రాన దాని విపర్యయం సత్యం కానక్కరలేదు. వాన కురిస్తే వాకిలి తడుస్తుంది. కాని వాకిలి తడిసి ఉన్నదంటే వాన కురిసిందని అర్థం కాదు, కళ్ళాపి చల్లి ఉండవచ్చు.

మార్కోవ్ సమాధానం

ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఘటనలకు కూడా ఈ నియమం వర్తించగలదని మార్కోవ్ 1906లో నిరూపించాడు. 1913లో దీనికి ఒక ఉదాహరణ చూపాడు. పుష్కిన్ కావ్యం 'యెవ్గేనీ ఒనేగిన్'లోని 20,000 అక్షరాలను లెక్కించగా అచ్చులు 8,638, హల్లులు 11,362 వచ్చాయి. అచ్చు తరువాత అచ్చు వచ్చే సంభావ్యత 0.128 కాగా, హల్లు తరువాత అచ్చు వచ్చే సంభావ్యత 0.663. అంటే ప్రతి అక్షరం తన ముందున్న అక్షరంపై ఆధారపడుతున్నది. అయినప్పటికీ మొత్తంమీద అచ్చుల నిష్పత్తి స్థిరంగానే ఉన్నది.

ప్రాముఖ్యత

మార్కోవ్ ఫలితం స్వేచ్ఛాసంకల్పం లేదని నిరూపించదు. సగటుల స్థిరత్వాన్ని బట్టి వ్యక్తి స్వేచ్ఛను నిర్ధారించలేమని మాత్రమే తెలుపుతుంది. బకల్ వాదానికీ ఇదే పరిమితి ఉన్నది: సమూహం గురించి తెలిసిన సంఖ్య, అందులోని ఏ ఒక్కరు ఏమి చేయక తప్పదో చెప్పదు. మార్కోవ్ గొలుసులు తరువాతి కాలంలో భౌతిక శాస్త్రంలోను, జన్యు పరిశోధనలోను, గూగుల్ శోధన యంత్రపు పేజ్‌ర్యాంక్ పద్ధతిలోను ఉపయోగపడ్డాయి.

ఇవి కూడా చూడండి

* సంభావ్యత
* తర్కశాస్త్రం
* నియతివాదం